ఏడు కడుగుల అన్నం

కోత తర్వాత పదకొండో రోజు

నీ ఎడమ కాలి చెప్పు ఎక్కడుంది?

నిన్నే అడుగుతున్నాను, ప్రార్థన గది గోడ మీద ఈ కాగితం చదువుతున్నవాడా. కిందికి చూడకు. చూడకుండా చెప్పు. కాలికి ఉందా, దారిలో జారిపోయిందా?

ఇవాళ ప్రార్థన అయ్యాక గదీ బాటా ఊడుస్తుంటే పదకొండు ఒంటి చెప్పులు దొరికాయి. గుమ్మం దగ్గర మూడు, గాలి పంపు వెనక రెండు, మిగతావి బాట పొడుగునా. కాలి నుంచి చెప్పు జారిపోతే తెలియకుండా ఇంటికెలా పోతాడయ్యా మనిషి? చల్లటి రాయి అరికాలికి తగలదా?

దీనికి నా దగ్గర ఒకే పేరుంది: సోమరితనం. మూడో సొరంగంలో పంపు తిప్పే వంతుకి నిన్న నలుగురు రాలేదు. అడిగితే కాళ్లు బరువంటారు. బరువా? ఇక్కడ మన బరువు భూమి మీది బరువులో మూడో వంతని ఈ గ్రహం మీద మొదట దిగినవాళ్లు రాసిపెట్టారు. మన పిల్లలు గెంతితే తల కప్పుకి తగులుతుంది. అలాంటి చోట కాళ్లు బరువు! వాళ్లు రాసిన గ్రంథం తెరవండి, గాలికాండం రెండో అధ్యాయం: "ఎవడు తన వంతు పంపు త్రిప్పడో వాడు పొరుగువాని గాలిని పీల్చినవాడగును." ఇంకేం కావాలి? రేపటి నుంచి పంపు దగ్గర నేనే నిలబడతాను. రానివాడి పేరు ఈ గోడ మీదే రాస్తాను.

సాయంత్రం గంట తర్వాత చేర్చింది: పదకొండో చెప్పుకి మడమ దగ్గర నల్లదారం కుట్టు ఉంది. ఆ కుట్టు వేసింది నేనే. అది నా చెప్పు.

కోత తర్వాత పద్నాలుగో రోజు

మా అక్క కూతురు పైడమ్మ ఇంటికి వెళ్లాను. పాపకి ఎనభై రెండో రోజు. నూరో రోజున పేరు పెట్టాలి, ఆ మాట చెప్పడానికే వెళ్లాను.

పైడమ్మ బియ్యం కడుగుతోంది. బాలింత పథ్యం: తెల్లన్నం, ఉప్పు, కాస్త నూనె. అంతే. పోయిన రెండు కోతల నుంచి కంది మడి తెగులు తిని పోయింది కదా, మిగతా ఇళ్లలోనూ దాదాపు ఇదే తిండి. నేను నేర్పిన పద్ధతిలోనే కడుగుతోంది. నీళ్లు పోయడం, పిసకడం, వంచేయడం. ఏడుసార్లు. ఏడో కడుగు నీళ్లు అద్దంలా కనపడాలి. ఆ తర్వాత వండి, గంజి వార్చి కాలవలో పోయడం.

"ఇంకా రెండున్నాయి మావయ్యా, కూర్చో," అంది. "చేతులు తిమ్మిరెక్కిపోతన్నాయి. లెక్క తప్పితే మళ్లీ మొదలెట్టాల."

"పాప పడుకుందా?"

"లేసే ఉంది. బంగారమే మావయ్యా. రెండు రోజులై ఏడుపు వినలేదు. సొరంగం మొత్తం నిద్దర చెడగొట్టే మనవాళ్ల పిల్లలకీ దీనికీ పోలికేటి!"

నేను నవ్వుతూ ఉయ్యాల దగ్గరికి వెళ్లాను. పాప ఏడుస్తోంది.

నోరు తెరిచి ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది. పొట్ట ఎగిరెగిరి పడుతోంది, కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. శబ్దం లేదు. చెవి నోటి దగ్గర పెడితే చిల్లిపడ్డ గొట్టంలోంచి గాలి పోతున్నట్టు హు, హు అని. పిల్ల బంగారం కాదు. గొంతు పోయింది.

పైడమ్మని పిలవబోయి ఆగాను. పోయిన కోతలో, కోత కోసే నూకాలు బిడ్డ కూడా ఇలాగే శబ్దం లేకుండా ఏడ్చి, నాలుగో రోజున నీలం తిరిగి చనిపోయాడు. ఆ రోజు పూడ్చే గుంట దగ్గర నూకాలుతో నేనన్న మాట ఒకటుంది. అది ఇక్కడ రాయను.

పైడమ్మకి ఏమీ చెప్పలేదు. "నీకు బలం చాలదు, ఇంకో ముద్ద ఎక్కువ తిను" అని మాత్రం చెప్పి వచ్చాను. తెల్లన్నమే ఇంకో ముద్ద.

కోత తర్వాత పదిహేనో రోజు

జబ్బు చూసి చెప్పే వైద్యపెట్టె పాడై ఆరేళ్లు. ఒంటి సంగతి కాస్తో కూస్తో తెలిసిన మనిషి ఈ ఐదు సొరంగాల్లో ఒక్కతే, ఆదిలక్ష్మి. దీపాల్లో వెలిగించే సారా కోసం ఈస్టు పులిపిండి తొట్టెలు కాచే మనిషి. ప్రార్థనకి రాదు. పద్దెనిమిదేళ్లుగా నేను పిలుస్తున్నాను, పద్దెనిమిదేళ్లుగా నన్ను చూసి నవ్వుతోంది.

"ఏటి గురువా, దారి తప్పేవా? సారా గదిలోకి నీ పాదమా?"

పాప సంగతి చెప్పాను. నవ్వు ఆపేసింది.

"నీ చెప్పు ఏది?"

కిందికి చూశాను. మళ్లీ ఎడమది లేదు.

"ఆ పీట మీద కూర్చో," అని గరిట కాడతో నా మోకాలి కింద కొట్టింది. కాలు కదల్లేదు. మళ్లీ కొట్టింది. వేరేవాడి కాలిని కొడుతున్నట్టుంది. "ఇప్పుడు కింద గొంతుకూర్చో. చేతులు తలమీద పెట్టుకో. లే."

గొంతుకూర్చున్నాను. లేవలేకపోయాను.

ఇరవై ఏళ్లుగా జనాన్ని లేవండి లేవండి అని గర్జించినవాణ్ణి, తొట్టె పక్కన కప్పలా కూర్చుండిపోయాను. ఆదిలక్ష్మి చంకల కింద చేతులు వేసి లేపింది.

"మా అమ్మ చెప్పిన జబ్బే ఇది," అంది. "దిగినవాళ్ల డాక్టరమ్మ దగ్గర నేర్చుకుంది మా అమ్మ. నీ పుస్తకం చేతిలోనే ఉంది కదా, దేహకాండం నాలుగు తియ్యి."

"అది పేర్ల జాబితా. అందులో ప్రసంగానికేమీ దొరకదు."

"నీకు దొరక్కపోతే లేనట్టేటి? చదువు."

చదివాను. నోరు తిరగని పేర్లు. ఆల్ఫా కీటోగ్లూటరేట్ డీహైడ్రోజినేస్ అనే పేరు దగ్గర మూడుసార్లు తడబడ్డాను. నా చిన్నప్పుడు కూడా అక్కడే తడబడి, ఆ అధ్యాయం దాటేసి, మళ్లీ తెరవలేదు. దాని కింద ఇలా ఉంది:

"నిమ్మ పులుపు చక్రమునకు ఎనిమిది ద్వారములు. నాల్గవ ద్వారమున ముగ్గురు పనివారును, ఐదు పనిముట్లును కలవు. మొదటి పనివాని కొక్కెము థయమిన్ అను విటమిను. ఆ కొక్కెము లేనియెడల చక్రము నిలుచును. దానిని పంట పొట్టునందు వెదకుడి."

అర్థం కాలేదని ఒప్పుకున్నాను. ఆమె వేలితో పిండి మీద గీస్తూ చెప్పింది.

"నువ్వు తిన్న అన్నం విరిగి విరిగి చివరికి రెండు కర్బనాల ముక్క అవుతుంది. ఒంట్లో కణం కణంలో నాలుగు కర్బనాలదొకటి దాని కోసం కాచుకుని ఉంటుంది. రెండూ కలిస్తే ఆరు. అదే నిమ్మ పులుపు. ఒక ద్వారం దగ్గర ఒకటి ఊడి ఐదవుతుంది, తర్వాతి ద్వారం దగ్గర ఇంకోటి ఊడి నాలుగవుతుంది. మళ్లీ మొదటికి. ఊడినవి నీ ఊపిరిలో బయటికి పోతాయి. ఆ విరుపుల్లో పుట్టిన బలంతోనే నువ్వు గొంతు చించుకుంటావు."

"నాలుగో ద్వారం?"

"ఐదుని నాలుగు చేసే చోటు అదే. నువ్వు రాయి తవ్వావు కదా కుర్రతనంలో. ముగ్గురు వరసగా నిలబడతారు కాదేటి? అలాగే. మొదటివాడు కొక్కెం తగిలించి ముక్క విరుస్తాడు. రెండోవాడికి పొడుగు చేయి. విరిగినదాన్ని అందుకుని గిర్రున తిరిగి, మోసేవాడి నెత్తిన పెడతాడు. మూడోవాడు ఆ చేతిని మళ్లీ ఖాళీ చేసి మొదటివాడి వైపు తిప్పుతాడు. ముగ్గురూ కలిసి ఒక్క ఎంజైము. మొదటివాడి చేతిలో కొక్కెం లేదనుకో, మిగతా ఇద్దరూ ఎంత బలవంతులైనా ఖాళీ తట్టలతో నిలబడతారు. చక్రంలోకి వచ్చే ముందు గుమ్మంలో కూడా ఇలాంటి కొక్కెమే కావాలి. అక్కడా ఆగిపోతుంది. అన్నం పోగుపడి ఒంట్లో పులుపెక్కుతుంది. ఎప్పుడూ ఆగకుండా పని చేసేది గుండె. అందుకని ముందు అది అలిసిపోతుంది."

"మరి బలం కోసం ఎక్కువ అన్నం పెడితే?"

"కొక్కెం లేని చోట ఇంకా రాయి పోసినట్టు. ఎవరికి పెట్టమన్నావు?"

"పైడమ్మకి," అన్నాను.

"ఆ కొక్కెం పనిలో అరగదు గురువా. పట్టి విరిచి వదిలి, మళ్లీ అదే పట్టుకుంటుంది. అందుకే రోజుకి ఆవగింజలో సగం చాలు. కానీ ఒంట్లో నిలవ మూడు వారాలకి మించి ఉండదు, నీళ్లలో కరిగి పోతుంది. బియ్యానికి అది పై పొరలో ఉంటుంది, తవుడులో. తెల్లమర దాన్ని గీకేస్తుంది. మిగిలిన కాస్తా..."

"కడుగుడులో పోతుంది," అన్నాను.

"ఏడు కడుగుల్లో," అంది. "నా పులిపిండి కూడా ఆ అన్నం మీద బతకదు. నూనె పిండిన తవుడు చెక్క పొడి చల్లితేనే నురగ లేస్తుంది, ఇప్పుడు అదీ నిండుకుంది. ఆ మాట నీతో మూడేళ్ల కింద అన్నాను. సారా కాచేదాని మాట నేను వినాలా అన్నావు."

అన్నాను. నిజమే.

దీపకాండంలో ఉంది: "గాజును ఏడుమార్లు కడుగుడి; మసి పోవును, వెలుగు తెల్లనగును." దీపం గాజు గురించి రాసిన ముక్క అది! దాన్ని పట్టుకెళ్లి బియ్యానికి తగిలించింది ఎవరు? ఏ తల్లి వంటింట్లోకీ ఏ దేవుడూ పంపని ఏడు కడుగులు పంపింది ఎవరు? ఒక్కో కడుగుకీ ఒక్కో పాపం పేరు పెట్టి పాటలా పాడించింది ఎవరు? రాయండి నా పేరు గోడ మీద. మరిడయ్య.

కోత తర్వాత పదహారో రోజు

సభాపెద్ద దాలినాయుడి దగ్గరికి వెళ్లాను. ఐదు సొరంగాల పాలన ఆయనది. కర్ర పట్టుకుని వెళ్లాను, కాళ్లు మాట వినడం లేదు.

పాప గొంతు సంగతి చెప్పాను. అడిగింది ఒక్కటే. తవుడు నూనె తవ్వకం యంత్రాలకి కావాలి, సరే, తీసుకోండి. మన కొక్కెం నూనెలో పోదు, పిండాక మిగిలిన చెక్కలోనే ఉంటుంది. ఆ చెక్క మాకివ్వండి.

"చెక్క ఇటుకల కోసం," అన్నాడు దాలినాయుడు. "రాతిపొడిలో కలిపి కాల్చకపోతే కొత్తగా తవ్వుతున్న ఆరో సొరంగం గోడలోంచి గాలి కారిపోతుంది. పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం గంటకి బట్టీ వెలిగిస్తున్నాం. చెక్కంతా బట్టీ పక్కకే చేరింది."

"ఆరో సొరంగంలో ఉండటానికి ఎవరు మిగులుతారు నాయుడూ?"

"ఒక పిల్ల గొంతు బొంగురుపోతే ఊరంతా చస్తుందా? నీ మాట నమ్మి పని ఆపితే రేపు ఇంకోటి అంటావు."

"గ్రంథంలో ఉంది! దేహకాండం నాలుగు..."

"గ్రంథం!" నవ్వాడు. "తెల్లమర పెట్టిన రోజు గుర్తుందా మరిడయ్యా? జనం ఒప్పుకోలేదు. దంపుడు బియ్యమే రుచి అన్నారు. ఆడవాళ్లు మర ముందు కూర్చుని ధర్నా చేశారు. వాళ్లని లేపింది నేనా? నువ్వు వచ్చి గ్రంథం తెరిచి, తెలుపే శుద్ధి అని గంటసేపు దంచావు. ఆ రాత్రే తలో చేటతో వచ్చి బియ్యం మరలో పోశారు. అప్పుడూ గ్రంథంలోనే ఉందన్నావు. ఏ రోజు గ్రంథాన్ని నమ్మమంటావు?"

కోపం వచ్చింది. "లేచి నిలబడి మాట్లాడు!" అని అరిచాను.

ఆయన లేవలేదు. కుర్చీ చేతుల్ని రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చున్నాడు. బల్ల కింద ఆయన చీలమండలు చూశాను. ఉబ్బి, చెప్పుల పట్టీలు కండలో దిగబడి ఉన్నాయి. లేవకపోవడం కాదు, లేవలేకపోవడం. అదే అన్నం ఆయనా తింటున్నాడు, అదే ఏడు కడుగులు. తన కాళ్లే చెబుతుంటే వినని మనిషికి నేనేం చెప్పను?

వచ్చే దారిలో బట్టీ దగ్గర చెక్క కుప్ప ఉంది. నిండా రెండు గుప్పెళ్లు చొక్కా అంచులో కట్టుకున్నాను. దొంగతనమే. కాపలావాడు చూశాడు. చూసి, తన కాళ్ల వైపు చూసుకుని, మొహం తిప్పుకున్నాడు.

ఆదిలక్ష్మి చెక్క నలిపి నీళ్లలో నానబెట్టింది. చిటికెడు నిమ్మఉప్పు వేసింది. "పులుపుంటే కాగినా చెడదు," అంది. వడగట్టి, మరిగించి, బెల్లం పాకంలా నల్లగా చేసింది. పైడమ్మ ఇంటికి పట్టుకెళ్తే ఆమె తాగనంది.

"పథ్యంలో తవుడేటి మావయ్యా! నువ్వే కదా నల్లది ముట్టొద్దన్నావు?"

"నేను తప్పు చెప్పాను."

"తప్పా?" నా మొహంలోకి చూసింది. "నీ నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు."

"ఇప్పుడు విను. తాగు."

తాగింది. పాప నాలిక మీద ఆదిలక్ష్మి చుక్క చుక్కగా వేసింది. నీలం పెదాలు. ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాం.

కోత తర్వాత పదిహేడో రోజు

పొద్దున్న పంపు వంతు నాది. తిప్పుతున్నాను. మనసు ఉయ్యాల దగ్గరుంది. మొదటి గంట కొట్టారు, రెండో గంట కొట్టారు. ఎవరైనా పరుగెత్తుకుంటూ వస్తే ఆ కబురు ఏదై ఉంటుందో తలచుకోవడానికి భయం.

అప్పుడు వినిపించింది. కబురు కాదు, ఏడుపు! మూడో సొరంగం గోడలకి కొట్టుకుని, మలుపు తిరిగి, పంపు చప్పుడు దాటుకుని వచ్చింది. బొంగురు బొంగురుగా, కోపంగా, ఇన్నాళ్లూ ఎక్కడికి పోయారు మీరంతా అన్నట్టు. పంపు వదిలేసి అక్కడే కూర్చుండిపోయాను. నా పక్కవాడు, "ఎవడిదిరా ఆ పిల్ల, చెవులు పోతన్నాయి!" అన్నాడు. వాడి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాను.

మధ్యాహ్నం ప్రార్థన గంట నేనే కొట్టాను. రెండు వందల పన్నెండు మంది వచ్చారు. పాట లేదు, ప్రసంగం లేదు. అందర్నీ గొంతుకూర్చోమన్నాను, చేతులు తలమీద. లేవమన్నాను. అరవై నలుగురు లేవలేదు. మొదట కొందరు నవ్వారు. పక్కన భార్య లేవలేదని చూసి భర్త నవ్వు ఆపాడు.

దేహకాండం నాలుగు చదివాను, నోరు తిరగని పేరుతో సహా, ఈసారి తడబడకుండా. అరవై ఒక్క ఏళ్లుగా అక్కడే రాసి ఉంది. దిగినవాళ్లు చీకట్లో, చలిలో, చేతిరాతతో రాసిపెట్టారు, మనం చావకూడదని. దానికి నేను బట్ట చుట్టి, అగరు వెలిగించి, పక్క పేజీ చదివాను!

వెనక వరసలో నూకాలు నిలబడింది. కోత కోసే మనిషి. పోయిన కోతలో కొడుకుని పోగొట్టుకున్న తల్లి.

"గురువా, నా బిడ్డకీ గొంతు పోయింది కదా."

"పోయింది."

"గుంట దగ్గర నాతో ఏటన్నావో ఇందరిలో చెప్పు."

మూడు రోజుల కింద రాయనన్న మాట ఇది. చెప్పాను, ఇప్పుడు రాస్తున్నాను. "నువ్వు ఐదో కడుగు దగ్గర ఆపేశావు నూకాలూ, అందుకే దేవుడు తీసుకున్నాడు" అన్నాను. బిడ్డ మీద ఇంకా మట్టి కప్పకముందే అన్నాను. ఆమె నిజంగానే చేతులు తిమ్మిరెక్కి ఐదో కడుగు దగ్గర ఆగేది. ఆ ఆపిన రెండు కడుగులే ఆ ఇంట్లో మిగిలిన మేలు. దాన్నే నేను పాపం అన్నాను.

క్షమించమని అడగలేదు. అడిగే అర్హత లేదు. ఆమె దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

"ఆ తర్వాత నుంచి ఏడూ కడుగుతున్నాను," అంది. "నా పెద్దదానికి నిన్నటి నుంచి కాళ్లు లాగుతున్నాయి. చెక్క ఎక్కడుంది?"

"బట్టీ పక్కన. రేపు మధ్యాహ్నం గంటకి కాల్చేస్తారు."

"అయితే ఇంకా ఏడుపెందుకు? తట్టలు తియ్యి."

కోత తర్వాత పద్దెనిమిదో రోజు, పొద్దున్న మొదటి గంట

ఈ కాగితం ఐదు కాపీలు రాసి ఐదు సొరంగాల గోడలకీ అంటిస్తున్నాను. నూకాలు తట్టతో బట్టీ దారి మొదట్లో నిలబడి ఉంది. ఆదిలక్ష్మి తొట్టెలు కడిగి నీళ్లు మరిగిస్తోంది. మేం ముగ్గురం, పైడమ్మ, ఇంకో పాతిక మంది. చాలదు. కుప్ప పెద్దది, కాపలా పెంచారు.

దాలినాయుడికి కూడా ఒక కుండ కషాయం పంపాను. తాగితే లేస్తాడు. లేచాక నన్ను శిక్షించమనండి, వస్తాను.

గ్రంథం అడిగేవాళ్లకి గ్రంథమే చెబుతున్నాను: దేహకాండం నాలుగు. "పంట పొట్టునందు వెదకుడి." నన్ను నమ్మకండి. మూడేళ్లు నమ్మి ఇక్కడికి వచ్చారు. గొంతుకూర్చుని లేచి చూడండి. మోకాలి కింద కొట్టి చూడండి. మూడో సొరంగానికి వెళ్లి ఆ పాప ఏడుపు వినండి. వాటిని నమ్మండి.

ఈ పూట బియ్యం ఒక్కసారి కడుగు, చాలు. గంజి పారబోయకు, తాగు. బాలింతకి ముందు ఇవ్వు. చేతిలో ఉన్న పని కింద పెట్టు. లేవలేనివాణ్ణి చంకల కింద చేతులేసి లేపు, నన్ను ఆదిలక్ష్మి లేపినట్టు. చెప్పు జారిపోతే పోనీ, వెనక్కి చూడకు. తట్ట తీసుకుని బట్టీ దగ్గరికి రా. మధ్యాహ్నం గంటకి ఇంకా మూడు గంటల వ్యవధి ఉంది. ఇది చదవడం అయిపోయింది కదా, ఇంకా ఇక్కడే ఎందుకు నిలబడ్డావు? రా!